పెటింగిలు గారి సీనియారిటీ

గోదావరి పాయల మీద వంతెనలు పడ్డాక రేవుల్లో పడవలు పోయాయి. పడవలు పోయినా రేవుల శాఖ పోలేదు. పడవలు లేవని ఏటా పైకి రాసి పంపడానికి మనుషులు కావాలి కదా. రావిలంక డివిజన్ ఆఫీసులో అలాంటి మనుషులు పదిమందికి పైగా ఉన్నారు. వాళ్లలో గుబ్బల తాతారావు సీనియర్ అసిస్టెంటు.

తాతారావుకు దేవుడి మీద నమ్మకం లేదు. భార్య గవరమ్మ పోయిన రోజున ఆ సంగతి తేలిపోయింది. ఆయనకు మిగిలిన నమ్మకం సీనియారిటీ ఒక్కటే. ఎవరు ఎవరికంటే ముందు కొలువులో చేరారు, ఉదయం చేరారా, మధ్యాహ్నం చేరారా అన్నది ఆయనకు నోటికి వచ్చు. ఒకే రోజున చేరిన ఇద్దరిలో ఒకడు దారిలో భోజనం చేసి, ఆ తరవాత వచ్చి సంతకం పెట్టాడని కనిపెట్టి వాడి ప్రమోషన్ ఆపించాడు. వాడు ఏడ్చాడు. తాతారావు కరగలేదు. ఆకలి వేరు, పద్ధతి వేరు అన్నాడు. జిల్లాలో ఏ శాఖలో సీనియారిటీ తగువు వచ్చినా జనం ఆయన దగ్గరకే వచ్చేవారు.

ఆయనకున్న కోరికా ఒక్కటే. రిటైరయ్యేలోగా సూపరింటెండెంటు కుర్చీలో కూర్చోవాలి. గవరమ్మ వీధిలో అందరికీ మా ఆయన వచ్చే ఏడు సూపరింటెండెంటు అవుతారని చెప్పుకునేది. ఏటేటా చెప్పింది. కొన్నాళ్లకు చెప్పడం మానేసింది. తరవాత పోయింది. చచ్చిపోయిన మనిషి అబద్ధాలకోరుగా మిగలకూడదని ఆయన పట్టుదల.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఉద్యోగులయందు ఆదర్శభావము అడుగంటుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినందున, ఇకపై ప్రతి కార్యాలయము ఒక మహనీయుని గౌరవ ఉద్యోగిగా స్వీకరించవలెను. సదరు మహనీయుడు అలంకారప్రాయుడు కాడు. సర్వీసు నిబంధనలన్నియు ఆయనకు యథాతథముగా వర్తించును. అయితే మహనీయులకు మరణము లేదు గనుక పదవీ విరమణ మాత్రము వర్తించదు."

ఏ ఆఫీసుకు ఏ మహనీయుడో జిల్లా కేంద్రంలో చీటీలు తీశారు. పెద్ద ఆఫీసులవాళ్లు ముందు తీశారు. పేరున్న మహనీయులందరూ వాళ్లకు పోయారు. చేపల శాఖకు వెయ్యేళ్ల కిందటి చైనా న్యాయాధికారి ఒకాయన వచ్చాడు. డబ్బాలో చివరికి మిగిలిన చీటీ రేవుల శాఖది. అందులో, జెడెడయా వార్నర్ పెటింగిల్, పందొమ్మిదో శతాబ్దపు అమెరికా న్యాయవాది, ప్రజాధికారి అని ఉంది.

రావిలంక డివిజనల్ అధికారి విద్యాభూషణం గారు ఆ చీటీని కళ్లకద్దుకున్నారు. అందరికీ తెలిసినవాడిని గౌరవించడంలో గొప్పేముంది, ఎవరికీ తెలియనివాడిని గౌరవించడమే అసలైన ఆదర్శం అని సిబ్బందికి వివరించారు. మహనీయుడి జీవిత చరిత్ర రాసే పని తాతారావుకు అప్పగించారు. ఆయన చదివింది పల్లెటూరి బడిలోనే అయినా తప్పుల్లేకుండా తెలుగు రాసేవాడు ఆ ఆఫీసులో ఆయనొక్కడే.

చీటీతో పాటు వచ్చిన ఇంగ్లీషు ముక్క పొట్టిగా ఉంది. పెటింగిలు రాళ్లపొలం రైతు కొడుకు. చలికాలం మాత్రమే తెరిచే పల్లె బడిలో చదివాడు. ఒక ప్లీడరు దగ్గర గది ఊడ్చి, పొయ్యి రాజేసి, ఆయన పుస్తకాలే చదివి తానూ ప్లీడరయ్యాడు. మొదటి కేసు ఒక పందిది. అది ఎవరి దొడ్లోది అన్నది తగువు. గెలిచాడు. తీర్పు వచ్చేనాటికి పంది ముసలిదై చచ్చిపోయింది. 1834లో ఊరి గుమస్తాగా సర్కారు కొలువులో చేరాడు. ఆ తరవాత ప్రాసిక్యూటరయ్యాడు, కాలువల కమిషనరయ్యాడు, జడ్జీ అయ్యాడు. గవర్నరు పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. నడివయసులో భార్య పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. జడ్జీ కుర్చీ ఎక్కినవాడు మళ్లీ దిగలేదు. కాళ్లు పడిపోయాక కూడా నలుగురి చేత మోయించుకుని వచ్చి కూర్చునేవాడు. ఆ కుర్చీ కోసం కాచుకున్న ప్లీడర్లు కాచుకుని, కాచుకుని, ఒక్కొక్కరే కాటికి పోయారు.

కుర్చీ ముచ్చట తాతారావుకు బాగా నచ్చింది. దానికి 'కర్తవ్యదీక్ష' అని శీర్షిక పెట్టాడు. భార్య సంగతి ఇంగ్లీషులో ఒక్క వాక్యమే ఉంది. ఆయన దాన్ని ఒక పేజీ చేశాడు. ఆడమనిషి పోయిన ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో, చారు కాచుకుంటే ఉప్పు ఎందుకు కుదరదో రాశాడు. విద్యాభూషణం గారు ఆ పేజీ కొట్టేశారు. అమెరికాలో చారు ఉండదన్నారు.

పెటింగిలు గారి పటం పెద్దాఫీసు నుంచి గడ్డిలో చుట్టి వచ్చింది. తెల్లగడ్డం, మూసుకుపోయిన నోరు, ఎవరో అప్పు అడగబోతున్నట్టు చూపు. అటెండరు మంగతాయారు పటం తుడిచి, ఈయన అచ్చం మా మావగారిలా ఉన్నాడు, ఏం వండినా వంకపెట్టే మొహం అంది. అంటూనే బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు. విద్యాభూషణం గారు ప్రసంగించారు. ఉత్తర్వు ప్రకారం మహనీయుడి పేరు సీనియారిటీ జాబితాలో చేర్చాలి. ఎక్కడ చేర్చాలన్నది ప్రశ్న. కొత్తగా చేరాడు కనక అడుగున రాద్దామని అందరూ అన్నారు.

తాతారావు ఒప్పుకోలేదు. సర్కారు కొలువు ఏ దేశంలోదైనా సర్కారు కొలువే, 1834లో చేరినవాడిని మనకింద ఎలా రాస్తామన్నాడు. ఎర్ర సిరా తెచ్చుకుని, అందరికంటే పైన ఆ పేరు తానే రాశాడు. సూపరింటెండెంటు సుబ్బరాజు గారు రెండో నంబరయ్యారు, తాతారావు మూడో నంబరయ్యాడు. ఒక గంటసేపు ఆయన మనసు తృప్తిగా ఉంది.

శివరాత్రి వెళ్లాక సుబ్బరాజు గారు ప్రమోషన్ మీద కాకినాడ వెళ్లిపోయారు. కుర్చీ ఖాళీ అయింది. తాతారావు రిటైర్‌మెంటు మే నెలాఖరున. ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. విద్యాభూషణం గారు పిలిచినప్పుడు ఆ చొక్కాతోనే లోపలికి వెళ్లాడు.

కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ పోస్టు మీకు రాదన్నారు విద్యాభూషణం గారు.

"ఎందుకు రాదండి? సుబ్బరాజు గారు ఎల్లిపోయేకా నేనే గదండి సీనియర్ని?"

"మీరు రెండోవారు."

"మొదటాయనెవరండి?"

విద్యాభూషణం గారు తలుపులోంచి హాల్లో గోడకేసి చూపించారు. తాతారావు ఆ వైపు చూశాడు. గోడమీది మనిషి కూడా ఆయన్నే చూస్తున్నాడు.

"ఆయన పోయి నూరేళ్లు దాటిందండి."

"మరణము లేదు అని ప్రభుత్వమే సెలవిచ్చాక, పోయారనడానికి మనమెవరం తాతారావు గారూ? ఆ పేరు మొదట రాసింది మీరే. ఎర్ర సిరా కూడా మీదే."

తాతారావు లేచి వచ్చేశాడు. తనకంటే జూనియర్‌ని ఎవరినైనా ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే కోర్టుకెక్కేవాడు. అన్యాయం జరిగితే ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు. ఇప్పుడు జరిగింది న్యాయం. దాంతో ఎలా పోట్లాడాలో తెలియలేదు.

మర్నాడు మంచి ముహూర్తం చూసి పెటింగిలు గారి పటాన్ని సూపరింటెండెంటు కుర్చీలో పెట్టారు. జారిపోకుండా కొబ్బరి తాడుతో కట్టారు. ముందర ఫైళ్లు పెట్టారు. పెట్టిన ఫైలు మీద ఆయన మూడురోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టు భావించాలని విద్యాభూషణం గారు ఉత్తర్వు వేశారు. దాంతో ఎప్పుడూ కదలని ఫైళ్లు కదిలాయి. రేవు వేలం పాటల పాత బకాయిలని, పడవలున్ననాటి లైసెన్సులని ఏళ్ల తరబడి తిరుగుతున్న లంకల రైతులు మూడురోజుల్లో కాగితాలు పట్టుకుని ఇంటికి పోయారు. పాతాయనకంటే ఈయనే నయం, టీ కూడా అడగడు అని వరండాలో చెప్పుకున్నారు. ఒకడు అరటిపళ్ల గెల తెచ్చి కుర్చీ ముందు పెట్టాడు.

ఉగాదికి ఉత్తమ ఉద్యోగి బహుమతి పెటింగిలు గారికి వచ్చింది. ఆయన తరఫున వేదిక ఎక్కి శాలువా కప్పించుకుని, దాన్ని తెచ్చి పటానికి కప్పే పని తాతారావుకు పడింది. కప్పాడు. మడతలు సరిచేశాడు. మంగతాయారు పక్కనే నిలబడి చూసింది.

"అలా కోపంగా చూడకండి తాతారావు గారూ. మా మావగారు కూడా అంతేనండి. మంచం దిగలేదు, మమ్మల్ని ఎక్కనివ్వలేదు. ఆఖరికి నేనే ఉపాయం చేశానండి. పక్కింటోళ్లది పట్టెమంచం, మెత్తగా ఉంటది, మిమ్మల్నే రమ్మంటన్నారని చెప్పేను. ఎల్లిపోయాడండి."

తాతారావు ఆ పూట భోజనం చెయ్యలేదు. టేబులు దగ్గరే కూర్చుని ఒక నోటు రాశాడు. సూపరింటెండెంటు పెటింగిలు గారి పనితీరు ఆదర్శప్రాయముగా ఉన్నది. అవినీతి ఆరోపణ ఒక్కటియు లేదు. ఇంతటి సీనియరును ఆ చిన్న హోదాలోనే ఉంచుట సీనియారిటీ సూత్రమునకు పూర్తిగా విరుద్ధము. కావున వారికి తక్షణము డివిజనల్ అధికారిగా పదోన్నతి కల్పించవలసినదిగా మనవి. ఈ నోటు కూడా ముందు సూపరింటెండెంటు గారికే పెట్టాలి. పెట్టాడు. మూడురోజులు గడిచాయి. పెటింగిలు గారు అభ్యంతరం చెప్పలేదు. ఆమోదం పొందిన నోటు విద్యాభూషణం గారి బల్ల మీదికి వెళ్లింది.

విద్యాభూషణం గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఫ్యాను వేగం పెంచమన్నారు. నా మీద మీకేమన్నా కోపమా అని అడిగారు.

"కోపమెందుకండి. పద్ధతండి. తవరు చేరింది మొన్న మొన్ననండి, అదీ మజ్జానం పూట. ఆయన తవరికంటే నూటడెబ్బయ్యేళ్లు పైన సీనియరండి. ఆయన ఉదయం చేరేరా, మజ్జానం చేరేరా అని చూసే పని కూడా లేదండి."

విద్యాభూషణం గారు ఊరికే అధికారి కాలేదు. క్రమశిక్షణ చర్య నడుస్తున్న ఉద్యోగికి పదోన్నతి ఇవ్వకూడదన్న నిబంధన ఆయనకు తెలుసు. సాయంత్రానికల్లా పెటింగిలు గారి మీద అభియోగ పత్రం తయారైంది.

"సదరు ఉద్యోగి విధులలో చేరిన నాటి నుండియు ఎవరితోను ఒక్క మాట మాట్లాడి యుండలేదు. ప్రజలు నమస్కరించినను ప్రతి నమస్కారము చేసి యుండలేదు. కార్యాలయ వేళలు ముగిసినను కుర్చీ విడువక, పై అధికారుల అనుమతి లేకుండ, కార్యాలయములోనే ఉండిపోవుచున్నాడు. ఇట్టి ప్రవర్తన మహనీయునకు తగదు."

అభియోగ పత్రం తీసుకుని సంతకం చెయ్యడానికి ఆయన నిరాకరించినట్టు రాసి, నిబంధన ప్రకారం దాన్ని ఆయనకే అంటించారు. మంగతాయారు అన్నం మెతుకులతో అద్దం మీద, సరిగ్గా గడ్డం కప్పేలా అతికించింది.

తాతారావుకు చాలాకాలం తరవాత నవ్వు వచ్చింది. నేరం రుజువైతే పెటింగిలు గారిని తీసేస్తారు. రుజువు కాకపోతే పైకి పంపుతారు. ఎటు తిరిగినా కుర్చీ ఖాళీ. విచారణ త్వరగా జరిపించమని, కావాలంటే విచారణాధికారిగా తానే ఉంటానని వెళ్లి అడిగాడు.

విచారణ చేసేవాడు అభియోగం మోపబడినవాడికంటే సీనియరై ఉండాలి కదా, మీకు తెలియనిదా అన్నారు విద్యాభూషణం గారు. తాతారావుకు తెలుసు. జిల్లాలో అందరికీ ఆ నిబంధన నేర్పింది ఆయనే. డివిజన్‌లో వెతికారు. జిల్లాలో వెతికారు. రాజధానిలో శాఖాధిపతి దాకా వెతికారు. 1834కు ముందు కొలువులో చేరినవాడు ఒక్కడూ దొరకలేదు.

మేలో ఎండలు ముదిరాయి. తాతారావు రోజూ వెళ్లి ఎదురుగా నిలబడుతుంటే భరించలేక, చివరికి విద్యాభూషణం గారే దారి కనిపెట్టారు. చేపల శాఖకు లేఖ రాశారు. వాళ్ల చైనా న్యాయాధికారి వెయ్యేళ్ల సీనియరు, పైగా వృత్తిరీత్యా న్యాయాధికారి. చేపల శాఖవాళ్లు ఎంతో బతిమాలించుకుని ఆయన్ను ఒక్కరోజు డిప్యుటేషన్ మీద పంపారు. మంగతాయారు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చింది. పట్టు అంగీ, వేలాడే సన్నమీసాలు. చేపల శాఖలో ఉండి ఉండి ఆయన పటం కూడా అదో వాసన వేస్తోంది.

హాల్లో బల్లకు అటూ ఇటూ రెండు పటాలు పెట్టారు. విద్యాభూషణం గారు అభియోగాలు చదివారు. సదరు ఉద్యోగి మౌనము వహించిరి అని రాయించారు. విచారణాధికారి వారు ప్రశ్నలు అడుగవచ్చును అన్నారు. విచారణాధికారి వారును మౌనము వహించిరి అని రాయించారు. ఇలా మధ్యాహ్నం దాకా సాగింది. ఇద్దరికీ పులిహోర పెట్టారు. పని మీద వచ్చిన లంకల రైతులు ఏదో పూజ అనుకుని చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని పోయారు.

భోజనాల తరవాత ఒక నిబంధన గుర్తొచ్చింది. అభియోగం మోపబడినవాడి తరఫున మాట్లాడడానికి తోటి ఉద్యోగి ఒకరుండాలి. జీవిత చరిత్ర రాసినవాడికంటే తగినవాడెవరని విద్యాభూషణం గారు తాతారావును లేవమన్నారు. తాతారావు లేచాడు. కాసేపు ఆ పటాన్ని చూశాడు. ఏదో ఒకటి చెప్పి కానిచ్చేద్దామనే లేచాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఈయన తప్పేం లేదండి. కుర్చీలో మనమే కూకోబెట్టేం, కూకున్నాడు. పొద్దుగూకినా ఇంటికెల్లటం లేదని రాసేరు. పెళ్లాం పోయినోడండి. ఇంటికెల్లి ఏం చేస్తాడండి? నేను కూడా తాళం పెట్టేదాకా ఇక్కడే గదండి ఉంటన్నాను. నా మీద కూడా రాయండి మరి."

మంగతాయారు పులిహోర విస్తళ్లు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. విద్యాభూషణం గారు గొంతు సవరించుకుని, సదరు ఉద్యోగి తరఫున వ్యక్తిగత విషయములు ప్రస్తావింపబడినవి, అవి విచారణ పరిధిలోనికి రావు అని రాయించారు.

ఇక విచారణాధికారి తీర్పు రావాలి. మూడురోజుల మౌనం ఆమోదమన్న ఉత్తర్వు ఉంది కదా, ఎల్లుండికల్లా తేలిపోతుందని తాతారావు వాదించాడు. ఆ ఉత్తర్వు ఫైళ్లకే గాని తీర్పులకు వర్తించదన్నారు విద్యాభూషణం గారు. పైగా, మౌనంతో ఆయన దేన్ని ఆమోదించినట్టు? నేరాన్నా, నిర్దోషిత్వాన్నా? దీని మీద రాజధానికి రాశారు. ఈలోగా చేపల శాఖనుంచి మనుషులొచ్చి, ఆయన లేక తమ ఆఫీసులో సంతకాలు ఆగిపోయాయని పటాన్ని పట్టుకుపోయారు. విచారణ వాయిదా పడింది. పెటింగిలు గారు మళ్లీ కుర్చీలోకి వెళ్లారు. ఈసారి తాడు గట్టిగా బిగించారు.

మే నెలాఖరు వచ్చింది. తాతారావుకు వీడ్కోలు సభ పెట్టారు. లడ్డూ, కారప్పూస, పూలదండ. సభకు సూపరింటెండెంటు పెటింగిలు గారు అధ్యక్షత వహించారు. తాతారావు గారు లేని లోటు ఈ శాఖకు ఎన్నటికీ తీరనిదని విద్యాభూషణం గారు చెప్పి, ఆయన పోస్టు రద్దయిందని కూడా అదే ప్రసంగంలో చెప్పారు. తాతారావును మాట్లాడమన్నారు. అందరికీ నమస్కారం అని కూర్చున్నాడు.

తరవాత గ్రూపు ఫొటో. వరండాలో వెలుతురు బాగుందని ఫొటోగ్రాఫరు కుర్చీలు అక్కడ వేయించాడు. మధ్యలో విద్యాభూషణం గారి కుర్చీ, పక్కన సూపరింటెండెంటుది, అటు తరవాత వెళ్లిపోయేవాడికి ఒక ప్లాస్టిక్ కుర్చీ. పటాన్ని పెట్టారు. గోదావరి గాలి కొట్టింది. పటం ముందుకు పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. తాడు కడితే ఫొటోలో కనపడుతుంది, మహనీయుడిని కట్టేసినట్టు ఉంటుంది అన్నారు విద్యాభూషణం గారు. ఫొటోగ్రాఫరుకు పెళ్లి ముహూర్తం ఒకటి దాటిపోతోంది.

"ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూచుని పట్టుకోండి బాబూ. నేను బేగా పోవాలండి."

విద్యాభూషణం గారు అటూ ఇటూ చూశారు. పక్క ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నది తాతారావు.

"మీరే కూర్చోండి తాతారావు గారూ. ఇది ఉత్తర్వు అనుకోండి."

తాతారావు లేచాడు. మెళ్లో దండ సర్దుకున్నాడు. సూపరింటెండెంటు కుర్చీ ముందుకు వెళ్లి, వెనక్కి తిరిగి, నెమ్మదిగా కూర్చున్నాడు. అనుకున్నంత మెత్తగా లేదు. కుర్చీ కోడు ఒకటి పొట్టిది, కదిలితే ఊగుతోంది. ఇన్నాళ్లూ ఎవరూ ఆ మాట చెప్పలేదు. మంగతాయారు పటాన్ని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన రెండు చేతులతో చట్రం పట్టుకున్నాడు.

ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, పటం కాస్త పైకెత్తమన్నాడు. ఎత్తాడు. ఇంకాస్త, మీ తల కనపడుతోంది అన్నాడు. తాతారావు ఇంకాస్త ఎత్తాడు. పటం అట్ట వెనక చీకట్లో ఆయన తల వంచి చొక్కా బొత్తాలు చూసుకుని, నిటారుగా కూర్చుని, కళ్లు ఆర్పకుండా ముందుకు చూశాడు. ఫొటో తీసేశారని ఎవరూ చెప్పలేదు. అందరూ లేచి వెళ్లాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు.

ఆ ఫొటో ఆఫీసు హాల్లో ఉంది. సూపరింటెండెంటు శ్రీ పెటింగిలు గారు, సిబ్బంది అని కింద అచ్చు వేయించారు. ఒక కాపీ తాతారావుకు ఇచ్చారు. ఆయన దాన్ని ఇంటి ముందుగదిలో మేకుకు తగిలించాడు. పక్కింటి చిట్టెమ్మ మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, గిన్నె చేత్తోనే పట్టుకుని నిలబడిపోయింది.

"ఈ తెల్లగెడ్డం దొర ఎవరండి?"

మా సూపరింటెండెంటు అన్నాడు తాతారావు.

"మరి తవరు లేరేంటండి ఇందులో?"

తాతారావు దగ్గరకు వెళ్లాడు. పటం చట్రానికి అటు నాలుగు, ఇటు నాలుగు వేళ్లు కనపడుతున్న చోట వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగోనమ్మా. కుర్చీలో కూకున్నాను."

చిట్టెమ్మ వంగి, ఫొటోకు మొహం ఆనించి, చాలాసేపు చూసింది.

"ఆయ్, మరేనండి," అంది. "గోళ్లు తీయించుకునే ఎల్లేరు."